తంబురాదా, టేపుదా?

1966 ఏప్రిల్ 6న లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ బృందం ఒక కొత్త పాట మొదలుపెట్టింది. అప్పటికి దానికి పేరు లేదు. టేపు మీద 'మార్క్ వన్' అని మాత్రం రాసుకున్నారు. తర్వాత అది 'టుమారో నెవర్ నోస్' అయింది, ఆగస్టులో వచ్చిన 'రివాల్వర్' ఆల్బమ్‌లో చివరి పాట అయింది. రాక్ సంగీతంలో సైకెడెలిక్ ధ్వని ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది ముందుగా చెప్పేది ఈ పాట పేరే. పాట సంగతి సరే, ఆ ధ్వనికి వేరు ఎక్కడుంది? హోసూరులో ఒక మామ, ఆయన మేనకోడలు ఈ సంగతి మీద పట్టుబట్టి వాదించుకున్నారు. మామ ఫ్యాక్టరీ పని నుంచి రిటైరై, బాగలూరు దారిలోని ఒక ఊరి రాములగుడిలో శనివారం భజన నడుపుతున్నాడు. అమ్మాయి బెంగళూరులో రికార్డింగ్, మిక్సింగ్ పని చేస్తుంది. ఇద్దరికీ ఆ పాట ప్రాణం. వాళ్ల మొరసునాటి మాటను వీలైనంత అట్లాగే ఉంచాను.

కోడలు — మామా, ఆ పాట విన్న మొదటిసారే నువ్వు 'ఇది మనది' అంటివి. ఆ మాట నాకు మింగుడు పడలేదు. నలుగురు ఇంగ్లండు పిల్లోళ్ళు రాత్రీ పగలూ స్టూడియోలో కూర్చోని చేసిన పని అది. ఒక తంబురా వినపడింది కదా అని మనం దాన్ని ఇంటికి ఎత్తుకొని రాకూడదు.

మామ — మనది అనలేదు పాపా, తంబురాది అన్నాను. రెండూ ఒకటి కాదు. ఆ పాట ఎట్ల మొదలవుతుందో మళ్ళీ విను. గిటారు రాదు, గొంతు రాదు. దూరం నుంచి తంబురా లేస్తుంది, జార్జ్ హ్యారిసన్ మీటినాడు. అది పరుచుకున్నాకనే రింగో డోలు పడుతుంది. మూడు నిమిషాల పాటలో ఆధారం 'సి' మీదే ఉండాది. నడమ కైశికి నిషాదం దాకా పోయి మళ్ళీ షడ్జమానికే వస్తారు, అంతకు మించి కదలరు. అంతకు ముందు వాళ్ళు చేసిన పాటలు వింటివి కదా, ఒక్కో దాంట్లో ఎన్ని కార్డ్‌లు మారతాయి! పాటంటే ఒక చోట బయల్దేరి, నాలుగు చోట్లు తిరిగి, మళ్ళీ మొదటికి రావడం అని నేర్చుకున్నోళ్ళు. ఒక్క చోటనే కూర్చోని పాడొచ్చని వాళ్ళకు ఎవరు చెప్పినారు?

కోడలు — అది తంబురా ఒక్కటే చెప్పాలనా? స్కాట్లండు బ్యాగ్‌పైపులో ఒకే శ్రుతి పాట పొడుగునా మోగుతా ఉంటుంది. మన పటాలం బ్యాండులో నువ్వే విన్నావు. అమెరికాలో జాన్ లీ హుకర్ బ్లూస్ పాటను ఒక్క కార్డ్ మీద మొదలుపెట్టి దాని మీదే ముగించేవాడు. లివర్‌పూల్‌లో పెరిగిన పిల్లోళ్ళు చిన్నప్పటి నుంచి ఒళ్ళు మరిచి విన్నది అమెరికా నల్లవాళ్ళ సంగీతమే, మన కచేరీలు కాదు.

మామ — అవి లేవని ఎవరన్నారు? కానీ హుకర్ పాటకు కాలు కదులుతుంది. తాళం లేకపోతే ఆ పాట నిలబడదు. బ్యాగ్‌పైపు వింటే నడవాలనిపిస్తుంది. తంబురాకు తాళం లేదు. పాట ఆది తాళంలో నడిచినా రూపకంలో నడిచినా మీటేవాడి వేళ్ళు ఆ లెక్కను పట్టించుకోవు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, మళ్ళీ పంచమం. దానికి తొందర లేదు, ముగింపు లేదు. బీటిల్స్ పాటలో రింగో డోలు గట్టిగా నడస్తానే ఉండాది, అయినా పాట ముందరికి పోతా ఉన్నట్టు ఉండదు. ఆ నిలకడ బ్లూస్‌లో యాడ ఉంది చెప్పు.

కోడలు — సరే, నా పని దిక్కు నుంచి చెప్తాను. ఆ రోజు బోర్డు ముందర కూర్చున్నది జెఫ్ ఎమెరిక్. ఇరవై ఏండ్లోడు, బీటిల్స్‌కు ఇంజనీరుగా అదే మొదటి రోజు. కొండ మీద నుంచి దలైలామా పాడినట్టు నా గొంతు వినపడాల అన్నాడు లెనన్. ఎమెరిక్ ఆ గొంతును లెస్లీ స్పీకరు గుండా పంపించినాడు. హామండ్ ఆర్గన్‌కు వాడే పెట్టె అది, లోపల కొమ్ము గిరగిరా తిరుగుతా ఉంటుంది. రింగో పెద్ద డోలులో ఉన్ని స్వెట్టరు కుక్కి, స్టూడియో పద్ధతికి విరుద్ధంగా మైకును దాని దగ్గరికి జరిపి, వచ్చిన శబ్దాన్ని లిమిటరుతో అదిమినాడు. గొంతును యంత్రంతోనే రెండుగా చేసే ఏడీటీ ఉపాయం కూడా 'రివాల్వర్' చేసిన ఆ రోజుల్లోదే, కెన్ టౌన్‌సెండ్ కనిపెట్టింది.

మర్నాడు మెకార్ట్‌నీ ఇంట్లో చేసిన టేపు చుట్టలు వచ్చినాయి. రికార్డరులో చెరిపే హెడ్డు పని చేయకుండా చేసి, ఒకే టేపు మీద శబ్దం మీద శబ్దం ఎక్కించి, కొసలు రెండూ అతికించినవి. వాటిలో అయిదు వాడినారు. ఒక్కో చుట్టకు ఒక్కో మిషను కావాల. బిల్డింగులో వేర్వేరు గదుల్లో ఉండే మిషన్లను కలిపినారు. టేపు బిగువు సడలకుండా మనుషులు పెన్సిళ్ళు పట్టుకొని నిలబడినారు. అయిదూ ఒకేసారి తిరుగుతా ఉంటే బోర్డు దగ్గర ఒకదాన్ని ఎత్తి ఒకదాన్ని దించి, అప్పటికప్పుడు మిక్స్ చేసినారు. సముద్రపు కాకులు అరిచినట్టు వినపడుతుందే, అది మనిషి నవ్వు. వేగం పెంచితే అట్లయింది. ఆ మిక్సును ఇంకొకసారి అట్లనే చేయమంటే చేసినోళ్ళకే చేతకాదు. ఇదంతా తంబురా చేసిందా మామా?

మామ — యంత్రమే చేసింది. ఏం కావాలో యంత్రానికి చెప్పింది ఎవరు? 1965 ఏప్రిల్లో 'హెల్ప్' సినిమా షూటింగులో హోటలు సీను తీసినారు. అందులో భారతీయ వాద్యగాళ్ళు కూర్చోని ఉండారు. హ్యారిసన్ సితారును దగ్గర నుంచి చూసి చేతికి తీసుకునింది ఆడనే. అక్టోబరుకు 'నార్వీజియన్ వుడ్'లో వాయించినాడు. సితారు తంతి తెగితే కబురు పోయింది ఎవరికి? అయన దేవ అంగడి అనే ఆయనకు. మన పక్క రాష్ట్రం కన్నడిగుడు, లండన్‌లో ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ నడిపిన మనిషి. ఆ ఇంటి వాళ్ళ ద్వారానే 1966 జూన్‌లో రవిశంకర్ పరిచయమైనాడు.

కోడలు — జూన్! నీ నోటితోనే చెప్పినావు. పాట అయింది ఏప్రిల్లో. అది చేసేటప్పటికి హ్యారిసన్ ఇంకా రవిశంకర్ ముందర కూర్చోలేదు, పాఠం ఒక్కటీ మొదలు కాలేదు. ఇంకొంచెం వెనక్కి పోదాం రా. 1964 అక్టోబరు 18, 'ఐ ఫీల్ ఫైన్' రికార్డింగు. మెకార్ట్‌నీ బేస్ గిటారు మీద 'ఏ' తంతి మీటినాడు. లెనన్ గిటారు ఆంప్లిఫైయరు పక్కన ఉండాది, దానంతట అదే కూయడం మొదలుపెట్టింది. ఫీడ్‌బ్యాక్. అంతవరకు ఏ స్టూడియోలో అయినా దాన్ని చెడిపోయిన టేకు అని పారేసేవాళ్ళు. వీళ్ళు దాన్ని తీసి పాట మొదట్లో పెట్టినారు. అప్పటికి సితారు ఊసే లేదు. నా లెక్కలో వేరు అదే. కరెంటు తనంతట తాను పాడితే విని, ఇది కూడా సంగీతమే అని ఒప్పుకోవడం.

మామ — ఫీడ్‌బ్యాక్ అంటే ఏంది పాపా? ఒక తంతి ఆగకుండా ఒకే స్వరం మోగడం. వాళ్ళ చెవి దాని మీదికే ఎందుకు పోయిందో అది అడుగు. ఇంకొక కథ చెప్తాను. 1965 జనవరిలో కింక్స్ అనే బ్యాండు ఆస్ట్రేలియా పోతా పోతా బొంబాయిలో ఆగింది. తెల్లారి సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు పాడుకుంటా పనికి పోతా ఉంటే రే డేవీస్ విన్నాడు. ఆ వేసవిలో 'సీ మై ఫ్రెండ్స్' అనే పాట వచ్చింది. 'నార్వీజియన్ వుడ్' కంటే ముందు. ఆ పాట కింద మోగతా ఉండే గుయ్యిమనే శ్రుతి విను. గిటారును తంబురాగా మార్చినారు.

కోడలు — అదే నేను అడగబోతా ఉండేది. ఆ రికార్డులో సితారు లేదు, తంబురా లేదు. గిటారూ, ఆంప్లిఫైయరూ. అంటే వాళ్ళకు మన వాద్యం అక్కరకు రాలేదు, మన పద్ధతి అక్కరకు రాలేదు. ఒక శబ్దం చెవిలో పడింది, అంతే. దాన్ని కట్టుకునింది వాళ్ళ కరెంటుతోనే.

(ఇక్కడ నాదొక మాట. రాక్ చరిత్రలు రాసినవాళ్లు సితారు దగ్గర చాలాసేపు ఆగారు, తంబురాను గబగబా దాటిపోయారు. 1966 మార్చిలో అమెరికాలో బర్డ్స్ బృందం 'ఎయిట్ మైల్స్ హై' విడుదల చేసింది. కోల్ట్రేన్‌ను, రవిశంకర్‌ను టేపు మీద మళ్లీ మళ్లీ విన్న చెవులు ఆ గిటారు వెనక ఉన్నాయి. దాని గురించి మాట్లాడేటప్పుడూ సితారు మాటే వస్తుంది. సితారు ముందు వరుసలో కూర్చుంటుంది కాబట్టి కంటికి ఆనుతుంది. మన కచేరీల్లో కూడా తంబురా మీటేవారి పేరు కరపత్రంలో అరుదుగా కనిపిస్తుంది. పాశ్చాత్య రాక్‌లోకి సితారు ఒక అలంకారంగా పోయి కొన్నేళ్లలో వెనక్కి వచ్చేసింది. తంబురా చేసే పని మాత్రం అక్కడే ఉండిపోయింది. ఈ విషయంలో నేను మామ పక్షమే.)

మామ — తంబురా అంటే ఒకే స్వరం అంటావు నువ్వు. ఒకే స్వరం అయితే అందరి వాద్యాల్లోనూ ఉండాది. తంబురాలో ఉండేది జీవా. గుర్రం మీద తంతి కింద చిన్న దారప్పోగు పెడతామే, దాన్ని ముందరికీ వెనక్కీ ఒక నూలు జరిపితే శబ్దం ఎట్ల విచ్చుకుంటుందో నీకు తెలుసు. చిన్నప్పుడు నా పక్కన కూర్చోని చూసినావు. సి.వి. రామన్ దీని మీద 1921లో వ్యాసం రాసినాడు. తంతిని సరిగ్గా నడిమధ్యలో మీటితే, ఆ చోట కదలిక ఉండని అనుస్వరాలు పుట్టకూడదని పడమటి శాస్త్రం. తంబురాలో, వీణలో అవి పుడతాయి, గట్టిగా వినపడతాయి. గుర్రం చదరంగా ఉండకుండా వంపుగా ఉంటుంది, తంతి దానికి రాసుకుంటా లేస్తుంది, అందుకని. నాలుగు తంతులు మీటితే వినపడేది నాలుగు స్వరాలు కాదు, ఒక గుంపు. మంద్రం మీద చెవి పెట్టి ఊరికే కూర్చుంటే అంతర గాంధారం తానుగా పలుకుతుంది, ఎవరూ మీటకుండానే. ఆ గుంపు కదలతా ఉంటుంది, ఒక్క క్షణం ఉన్నట్టు ఇంకొక క్షణం ఉండదు. అదే కదా వాళ్ళు వెతికింది! ఒకే చోట ఉంటా లోపల ఆగకుండా మారే శబ్దం. వాళ్ళ లెస్లీ పెట్టె గిరగిరా తిరిగి చేసింది ఆ పనే.

కోడలు — ఎంత బాగా చెప్పినావు మామా, నా వాదం నువ్వే గెలిపించినావు. గుర్రం వంపు, దారం, నూలు వాసి జరపడం, ఇదంతా ఏంది? మనిషి చేసిన ఉపాయం. శబ్దాన్ని పట్టుకొని దాని స్వభావాన్ని మార్చే పనిముట్టు. ఎమెరిక్ చేసిందీ అదే. నువ్వు తంబురాను ప్రకృతి మాదిరి, టేపును దొంగసరుకు మాదిరి మాట్లాడతావు. శనివారం భజనలో నువ్వు ఆన్ చేసేది ఏంది? ఎలక్ట్రానిక్ తంబురా. బెంగళూరులో హెచ్‌ఏఎల్‌లో పనిచేసిన ఇంజనీరు, వేణువు వాయించే మనిషి, జి. రాజ్ నారాయణ్ 1970ల చివర్లో చేసి రాడెల్ పేరుతో అమ్మినాడు. ఇప్పుడు పాట నేర్చుకునే ఇండ్లలో ఎక్కువగా మోగేది అట్లాంటి పెట్టెనే.

మామ — పెట్టె పెడతాను. పండగ రోజు తంబురానే తీస్తాను. పెట్టెలో శ్రుతి ఉండాది, సందేహం లేదు. కానీ ఏ చలికాలం తెల్లవారైనా నా తంబురా నిన్నటి మాదిరి మోగదు. దాన్ని బతిమాలి దారికి తెచ్చుకోవాల. ఆ బతిమాలుకునేటప్పుడే పాడేవాడి చెవి తయారవుతుంది. పెట్టె నాకు ఆ పని పెట్టదు. పనిముట్టు అంటే నాకు చిన్నచూపు అని అనుకోవద్దు. జీవితమంతా మిషన్ల మధ్యనే బతికినోణ్ణి.

కోడలు — అయితే ఒకటి అడుగుతాను, జవాబు చెప్పు. 'టుమారో నెవర్ నోస్' మొదలుపెట్టిన వారంలోనే అదే స్టూడియోలో అదే ఆల్బమ్‌కు హ్యారిసన్ 'లవ్ యూ టూ' చేసినాడు. మొదట్లో ఆలాపన ఉండాది, సితారు ఉండాది, తంబురా ఉండాది, అనిల్ భాగవత్ తబలా వాయించినాడు. హిందూస్తానీ పద్ధతికి వాళ్ళు అంతవరకు వచ్చిన దాంట్లో ఇదే అతి దగ్గరది. నీ మాట నిజమైతే సైకెడెలిక్ ధ్వనికి గుర్తుగా నిలవాల్సింది అది. కానీ లోకం చెప్పేది 'టుమారో నెవర్ నోస్'ను. లండన్ బ్యాండులు, ఆ తర్వాత టేపు లూపులతో పాటలు కట్టినోళ్ళు, అందరూ వెనక్కి తిరిగి చూసింది లెనన్ పాట దిక్కే. భారతీయత ఎక్కువున్న పాట కంటే టేపు ఎక్కువున్న పాటే ఆ దారి వేసింది. ఏమంటావు?

(మామ దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. ఆ పాట ఇంకొకసారి పెట్టమన్నాడు. రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి విన్నాకే నోరు విప్పాడు.)

మామ — నువ్వు చెప్పింది సత్యం. 'లవ్ యూ టూ'లో తంబురా ముందర ఏం చేయాలో వాళ్ళకు తెలుసు, తెలిసినోళ్ళను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పాట మర్యాదగా ఉండాది, ఒక పాఠం ఒప్పజెప్పినట్టు. రెండో దాంట్లో తంబురా మోగుతా ఉండాది, దాని మీద రాగం వేయాలని లెనన్‌కు తెలీదు. స్వరం వేయలేడు, గమకం లేదు. శ్రుతి ఇచ్చినారు, దాని మీద ఏం పెట్టాలో తెలీక నవ్వును తెచ్చి పెట్టినారు, వయొలిన్ల ముక్క పెట్టినారు. ఆ తెలియకపోవడంలో నుంచి కొత్తది పుట్టింది. మన పిల్లోడు ఎవడూ ఆ పని చేయడు. చేయనివ్వము. తంబురా ముందర నవ్వితే నేనే కొడతాను.

కోడలు — ఈ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ తెలియకపోవడం గాలిలో నుంచి రాలేదు. పారిస్‌లో పియర్ షెఫర్ 1948లోనే రైలు శబ్దాలతో సంగీతం కట్టినాడు. 1956లో స్టాక్‌హౌసెన్ పిల్లవాడి గొంతును, యంత్రం స్వరాలను కలిపి ఒక రచన చేసినాడు. మెకార్ట్‌నీ వాటిని వెతుక్కొని విన్నాడు. శ్రుతి మీద రాగం కాకుండా శబ్దం పెట్టొచ్చని ఆ దారి నుంచి తెలుసుకున్నాడు. ఇంకొకటి, మందు సంగతి మనిద్దరం దాటేస్తా ఉండాము. 1965లో లెనన్‌కూ హ్యారిసన్‌కూ ఎల్‌ఎస్‌డీ వాళ్ళకు తెలీకుండానే కాఫీలో కలిపి ఇచ్చినారు. ఈ పాట మాటలకు మూలం టిమొతీ లియరీ, మరిద్దరు రాసిన 1964 పుస్తకం. టిబెట్ వాళ్ళ మృత్యు గ్రంథాన్ని ఆ మందు వాడేవాళ్ళకు దారి చూపే పుస్తకంగా మార్చి రాసింది. అది లేకపోతే ఈ పాటే లేదు.

మామ — మాట మందు నుంచి వచ్చింది, ఒప్పుకుంటాను. ధ్వని కాదు. కృష్ణగిరి దిక్కు ఊర్లలో ద్రౌపదమ్మ తిరునాళ్ళకు నన్ను భుజాన ఎత్తుకొని పోయేవాడు మా నాయన. పగలు భారతం చెప్పేవాళ్ళు, రాత్రి కూత్తు నాటకం ఆడేవాళ్ళు. హార్మోనియం శ్రుతి, ముఖవీణ, మద్దెల, తాళం. తెల్లవార్లూ ఒకే శ్రుతి చెవిలో పోస్తా ఉంటే మూడో జాముకు దుర్యోధనుడు నిజంగానే ముందర నిలబడినట్టు ఉంటుంది. ముందర కూర్చున్నోళ్ళకు పూనకం వచ్చేది. ఎవరూ ఏమీ తాగి రాలేదు. శబ్దం ఆ పని చేయగలదు, దానికి కావాల్సింది సమయం. రవిశంకర్ బాధ అదే. 1967లో మాంటెరీలో, 1969లో వుడ్‌స్టాక్‌లో తన సంగీతాన్ని మత్తుతో ముడిపెడతా ఉంటే ఆయన ఎంత నొచ్చుకున్నాడో జీవితమంతా చెప్తానే ఉండినాడు. 1971 ఆగస్టులో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ కోసం కచేరీ చేసేటప్పుడు పొగ తాగొద్దని వేదిక మీద నుంచి అడిగినాడు. శ్రుతి చేసుకుంటా ఉంటేనే జనం చప్పట్లు కొట్టినారు ఆ రోజు.

కోడలు — రాత్రంతా అన్నావు కదా, వాళ్ళకు ఉండింది మూడు నిమిషాలు. ఆరు గంటల్లో కూత్తు చేసే పనిని మూడు నిమిషాల్లో చేయాలంటే శబ్దాన్ని కుదించాల, వంచాల, వెనక్కి తిప్పాల. అదే నెలలో చేసిన 'రెయిన్' విను. తాళవాద్యాలను వేగంగా వాయించి రికార్డు చేసి, టేపును నిదానంగా తిప్పినారు. డోలు బరువెక్కింది. చివర్లో లెనన్ గొంతు వెనక్కి తిరిగి వస్తుంది. అందులో తంబురా లేదు, అయినా లోపలికి లాగుతుంది. కాలాన్ని చేత్తో పట్టుకోవడం టేపు నేర్పించింది మామా, ఆ విద్య మన దగ్గర లేదు.

మామ — 'రెయిన్'కు నేను జవాబు చెప్పలేను. మంచి పాట. కానీ 'టుమారో నెవర్ నోస్' మొదటి టేకును 1996లో 'ఆంథాలజీ' రెండో భాగంలో బయటపెట్టినారు కదా, అది నువ్వే వినిపించినావు. అందులో కాకి అరుపులు లేవు, నవ్వు చుట్టలు ఇంకా రాలేదు. ఒకే ఆధారం మీద నిలబడటం మాత్రం అప్పటికే ఉండాది. మొదట వచ్చింది ఏదో అదే వేరు.

కోడలు — ఆ టేకు కింద తిరుగుతా ఉండేది ఏంది? గిటారు, డోలు వాయించి నిదానం చేసి చుట్టిన టేపు ముక్క. మొదటి రోజు, మొదటి టేకు, దానికీ పునాది లూపే. నువ్వు శ్రుతి అంటావు, నేను టేపు అంటాను. మనిద్దరం చూపించేది ఒకే ముక్కను.

(మామ పట్టు వదల్లేదు. లూపు వచ్చింది శ్రుతి కోసమే అన్నాడు. శ్రుతి వచ్చింది లూపు వల్లే అంది అమ్మాయి. తంబురా చేసే పని ఆ పాటకు నేల అని నేను నమ్ముతాను. కానీ అమ్మాయి చూపించిన 1964 నాటి ఫీడ్‌బ్యాక్‌ను దాటుకుని ఆ నేల దాకా పోయే దారి నాకు దొరకలేదు.)

మామ — ఒక్క సంగతి నాకు ఇప్పటికీ మంటగా ఉండాది. 'రివాల్వర్' అట్ట మీద అనిల్ భాగవత్ పేరు వేసినారు, సంతోషం. మరుసటి ఏడు 'సార్జెంట్ పెప్పర్' వచ్చింది. అందులో హ్యారిసన్ పాటకు లండన్‌లోని భారతీయులు దిల్రుబా, తబలా, తంబురా వాయించినారు. అట్ట మీద ఎంతమంది బొమ్మలు వేసినారు, వీళ్ళ పేరు ఒక్కటీ లేదు. 2017లో, ఆ ఆల్బమ్‌కు యాభై ఏండ్లు నిండినప్పుడు, ఎవరో పట్టుబట్టి వెతికితే వాళ్ళు ఎవరో తెలిసింది. వేరు యాడుందని మనం ఇంతసేపు కొట్లాడితిమి, తంబురా మీటిన చెయ్యికి అప్పటిదాకా పేరే లేదు.

కోడలు — పెన్సిళ్ళు పట్టుకొని నిలబడిన వాళ్ళ పేర్లు కూడా ఆ అట్ట మీద లేవు మామా. మా పనిలో ఇప్పటికీ అంతే.

మామ — అయితే వాళ్ళ పేర్లూ వెతకాల. నీ చేతిలో కంప్యూటరు ఉండాది, రేపటి నుంచి మొదలుపెట్టు.